ఏటీవీ టైరుకు పెట్టిన ప్లగ్ నిలవకపోతే ఏం చేయాలి

మీరు చెప్పింది ఇదీ: ఏటీవీ (రోడ్డు లేని చోట్ల తిరిగే, లావు టైర్ల నాలుగు చక్రాల బండి) వెనక టైరులో మేకు దిగింది. మేకు లాగేసి, కారు పంక్చర్ కిట్‌లో ఉన్న స్ట్రిప్, అంటే చిల్లులోకి ప్లగ్‌గా దూర్చే జిగురు రబ్బరు ముక్క, పెట్టి గాలి కొట్టారు. మర్నాటికి టైరు సగానికి పైగా దిగిపోయింది. ఇంకో స్ట్రిప్ పెట్టినా అంతే. ఇప్పుడు ట్యూబ్ వేయాలా, సీలెంట్ (చిల్లును లోపలి నుంచి మూసే ద్రవం) పోయాలా, టైరే మార్చేయాలా అని అడుగుతున్నారు.

ముందు ఒక మాట. ఇప్పుడే టైరు కొనకండి. మేకు దిగింది ట్రెడ్ మీద, అంటే నేలకు ఆనే భాగంలో, బటన్ల (ఎత్తుగా ఉండే రబ్బరు దిమ్మల) మధ్యలో అని మీరే రాశారు. అలాంటి చిల్లు ఉన్న టైరును పారేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. స్ట్రిప్ రెండుసార్లు నిలవలేదంటే కారణం రెండిట్లో ఒకటి. గాలి అసలు ఆ చిల్లు నుంచి కాకుండా వేరే చోటు నుంచి పోతూ ఉండాలి, లేదా కారు టైరుకు పెట్టే పద్ధతిలోనే ఈ టైరుకూ పెట్టి ఉండాలి. ఈ రెండు టైర్లకూ చాలా తేడా ఉంది.

కారు టైరులో 30 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) పైగా గాలి ఉంటుంది. ఏటీవీ టైరులో ఉండేది సాధారణంగా 3 నుంచి 8 పీఎస్‌ఐ. అంత తక్కువ ఎందుకంటే ఈ బండిలో టైరు కూడా సస్పెన్షన్‌లో భాగమే. 1970లో హోండా తెచ్చిన మూడు చక్రాల ఏటీసీకి వేరే సస్పెన్షనే లేదు, ఆ బెలూన్ టైర్లే గుంతల దెబ్బలన్నీ కాచుకునేవి. ఇప్పటి బండ్లకు స్ప్రింగులు, షాక్‌లు వచ్చినా టైరు పద్ధతి మారలేదు. మెత్తగా ఉండి, రాయి మీద అణిగి, బురదలో వెడల్పుగా పరుచుకోవాలి. అందుకే గోడలు పల్చగా ఉంటాయి, చాలా టైర్లలో స్టీల్ తీగల పొర ఉండదు, నడుస్తున్నంతసేపూ టైరు మొత్తం వంగుతూ ఉంటుంది. అలా వంగే రబ్బరులో స్ట్రిప్ కూడా కదులుతూనే ఉంటుంది. పైగా లోపలి గాలి దాన్ని గట్టిగా అదిమి పట్టేంత ఒత్తిడితో ఉండదు.

గాలి కొలిచే దగ్గర కూడా ఇదే చిక్కు. కారుకు వాడే గేజ్ 60 పీఎస్‌ఐ, 100 పీఎస్‌ఐ దాకా చూపిస్తుంది. అలాంటి గేజ్ మీద 4కీ 6కీ తేడా ముల్లు మందమంత కూడా ఉండదు. కానీ మీ టైరుకు ఆ తేడా చాలా పెద్దది. 35లో రెండు పాయింట్లు తగ్గితే కారు నడిపే వాడికి తెలియను కూడా తెలియదు. 5లో రెండు తగ్గితే దాదాపు సగం గాలి పోయినట్టే. 10 లేదా 15 పీఎస్‌ఐ వరకే కొలిచే, సగం పాయింటు గీతలున్న గేజ్ ఒకటి కొనుక్కోండి. ఈ పనికి కావలసిన సామానులో నేను మొదటి స్థానం ఇచ్చేది దానికే. టైరులో ఎంత గాలి ఉండాలన్నది బండి మీద అతికించిన స్టిక్కర్‌లోనూ, ఓనర్ మాన్యువల్‌లోనూ ఉంటుంది. ముందు టైర్లకూ వెనక టైర్లకూ వేర్వేరు అంకెలు ఉండొచ్చు. టైరు గోడ మీద అచ్చేసి ఉండే పెద్ద అంకె బండి నడపడానికి కాదు, అంతకు మించి గాలి కొట్టొద్దని చెప్పేది.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి, ఎందుకంటే పంక్చర్ అసలు లేని టైరుకు కూడా ప్లగ్‌లు పెట్టేవాళ్లను చూస్తుంటాను. మధ్యాహ్నం ఎండలో 5 పీఎస్‌ఐ ఉన్న టైరు, రాత్రి 20 డిగ్రీలు చల్లబడితే దానంతట అదే సుమారు 1.3 పాయింట్లు తగ్గుతుంది. ఎక్కడా చిల్లు ఉండక్కర్లేదు, గాలి చల్లబడితే ఒత్తిడి పడిపోతుంది, అంతే. ఎత్తు సంగతి ఇంకా వింతగా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ అయితే, 1500 మీటర్ల ఎత్తులో అది 12.3 దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి కింద 5 కొట్టుకుని కొండెక్కితే పైన గేజ్ 7కు పైగా చూపిస్తుంది. పైన 5 కొట్టుకుని కిందికి దిగితే 3 కూడా మిగలకపోవచ్చు. ఆ స్థితిలో వంపు మీద గట్టిగా తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడి వస్తుంది. దాన్ని పంక్చర్ అనుకుని చిల్లు కోసం వెతికితే దొరకదు. మీది ఒక్క రాత్రిలో సగానికి పైగా పోయింది కాబట్టి చలి ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ చూసిన టైమ్ ఏదో కూడా లెక్కలో పెట్టుకోండి.

సరే, గాలి ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఎలా? నడిపే గాలితో వెతకొద్దు. 4, 5 పీఎస్‌ఐ దగ్గర చిన్న లీకు బుడగ కూడా వేయకపోవచ్చు. గోడ మీద రాసిన పరిమితి చూసుకుని, దానికి లోపలే ఉండేలా 10, 12 దాకా కొట్టండి. గిన్నెడు నీళ్లలో అంట్లు తోమే సబ్బు ద్రావకం కాస్త ఎక్కువే కలిపి, బ్రష్‌తో గానీ స్ప్రే సీసాతో గానీ టైరంతా తడపండి. చక్రం బండి నుంచి విప్పి పడుకోబెడితే పని తేలిక, రెండు వైపులా కనిపిస్తుంది. ఒకసారి రాసి వెంటనే ‘ఏమీ లేదు’ అనుకోవద్దు. నెమ్మది లీకు పెద్ద బుడగగా రాదు, తెల్లటి సన్న నురగగా పేరుకుంటుంది. దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కనిపించిన ప్రతి చోటా చాక్‌తో గుర్తు పెట్టుకుంటూ పోండి, ఒకటి దొరికిందని ఆపేయకండి. ముళ్ల దారిలో తిరిగిన టైరులో ఒక్క చిల్లే ఉండడం అరుదు. తలలు తెగిపోయి రబ్బరులో కలిసిపోయిన ముళ్లు పైకి కనపడవు.

నేనైతే మేకు చిల్లు దగ్గర మొదలుపెట్టను. ముందు వాల్వ్. క్యాప్ తీసి నోటి మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేయండి, బుడగ లేస్తే లోపలి పిన్ వదులుగా ఉందో, దుమ్ము పట్టిందో. పిన్ టూల్‌తో కాస్త బిగించండి, తగ్గకపోతే కొత్త పిన్ వేయండి. తర్వాత వాల్వ్ మొదలు దగ్గర నీళ్లు వేసి, వాల్వ్‌ను వేలితో అటూ ఇటూ వంచి చూడండి. తుప్పల్లో తిరిగే బండికి కర్రపుల్లలు తగిలి వాల్వ్ మొదలు చిట్లడం చాలా మామూలు. నిటారుగా ఉన్నప్పుడు మూసుకుపోయి, వంగినప్పుడే లీకయ్యే వాల్వ్‌లు ఉంటాయి, వంచకపోతే అవి దొరకవు.

తర్వాత చూడాల్సింది బీడ్, అంటే టైరు అంచు రిమ్ మీద కూర్చునే వరస, చుట్టూరా, రెండు వైపులా. మీ విషయంలో నా అనుమానం ఎక్కువగా ఇక్కడే. మేకు దిగాక గాలి లేకుండా ఎంత దూరం నడిపారో మీరు రాయలేదు. కొంచెం నడిపినా బీడ్ కొద్దిగా పక్కకు జరిగి, మధ్యలోకి ఇసుకో, గడ్డిపరకో, ఎండిన బురదో దూరుతుంది. మళ్ళీ గాలి కొట్టినప్పుడు అది మధ్యలో ఇరుక్కుపోతుంది. కారు టైరులో ఉన్న ఒత్తిడికి బీడ్ రిమ్‌కు గట్టిగా అదుముకుని అలాంటివాటిని చాలావరకు మూసేస్తుంది. 5 పీఎస్‌ఐకి ఆ బలం లేదు. స్టీల్ రిమ్ అయితే లోపలి అంచున తుప్పు పొర లేచినా, రాయి తగిలి పెదవి వంగినా ఇదే జరుగుతుంది.

ఇవన్నీ బాగుండి, నురగ మేకు చిల్లు దగ్గరే వస్తుంటే స్ట్రిప్ మళ్ళీ పెట్టాలి. ఈసారి పద్ధతిగా.

పాత స్ట్రిప్‌ను ప్లయర్‌తో పూర్తిగా లాగేయండి. మేకు ఏ వాలున దిగిందో గుర్తుంటే మంచిది. రంపపు పళ్లున్న ఆ సూది లాంటి టూల్‌ను కూడా అదే వాలున దించాలి. నిటారుగా గుచ్చితే రెండో దారి తయారవుతుంది, స్ట్రిప్ ఒక దారిలో కూర్చుంటుంది, గాలి ఇంకో దారిలో పోతుంది. స్టీల్ పొర లేని టైరులో ఈ టూల్ వెన్నలో దిగినట్టు దిగుతుంది, అందుకని నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే చాలు. కారు టైరుకు చేసినట్టు బలంగా తిప్పుతూ పోతే చిల్లు స్ట్రిప్ కంటే పెద్దదైపోతుంది. మీ రెండో స్ట్రిప్ నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, ఎందుకంటే అప్పటికే ఆ చిల్లును రెండుసార్లు గీకి ఉంటారు. అలా పెద్దదైందనిపిస్తే ఒకేసారి రెండు స్ట్రిప్‌లు సూదికి ఎక్కించి పెట్టండి.

స్ట్రిప్‌కు, టూల్‌కు, చిల్లుకు సొల్యూషన్ రాయండి. సూది కన్నంలో స్ట్రిప్‌ను సరిగ్గా సగానికి ఉంచి, రెండు కొసలు బయట ఒక సెంటీమీటరు పైన మిగిలేదాకా నెట్టి, టూల్‌ను తిప్పకుండా ఒక్క ఊపున లాగేయండి. నెమ్మదిగా లాగితే స్ట్రిప్ కూడా వెంట వచ్చేస్తుంది. టైరులో గాలి కొంచెం ఉంటేనే ఈ పని కుదురుతుంది. పూర్తిగా దిగిన పల్చటి టైరు టూల్‌తో పాటే లోపలికి నొక్కుకుపోతుంది. మిగిలిన కొసలను 3 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి, కత్తిరించేటప్పుడు కొసను పట్టుకుని లాగొద్దు. లాగి కోస్తే అది తిరిగి లోపలికి జారిపోతుంది. తర్వాత పరిమితి లోపల కాస్త ఎక్కువ గాలి కొట్టి పావుగంట అలా వదిలేస్తే స్ట్రిప్ సర్దుకుంటుంది. సబ్బునీళ్లతో చూసి, అప్పుడు నడిపే గాలికి తగ్గించండి.

ఇంత చేశాక చాలామందికి పని అయిపోతుంది. కానీ స్ట్రిప్‌ను నేను ఇంటికి చేర్చే రిపేరుగానే చూస్తాను. ఇంటికి చేరాక లోపలి నుంచి ప్యాచ్ వేయాలి. ముఖ్యంగా బరువులు లాగే బండి అయితే, లేదా ఎవరూ లేని చోట్ల ఎక్కువ దూరం తిరిగే అలవాటు ఉంటే, లోపలి ప్యాచ్‌కు సాటి వచ్చేది లేదు. దానికి టైరు విప్పాలి, ఆ పనిలో కష్టమంతా బీడ్ విడగొట్టడంలోనే ఉంది.

బండి ఎత్తే ముందే నేల మీద ఉండగా నట్లు అర చుట్టు వదులు చేయండి. పార్కింగ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. జాకీ చట్రం కింద గట్టి చోట ఆనాలి, ప్లాస్టిక్ కింద గానీ, ఇరుసు కీళ్లకు తొడిగిన రబ్బరు బూట్ కవర్ల దగ్గర గానీ కాదు. నేల మెత్తగా ఉంటే జాకీ కింద వెడల్పాటి చెక్క వేయండి. జాకీ ఒక్కదాని మీదే బండిని వదిలి కిందికి చేయి పెట్టొద్దు. బండిని పక్కకు వాల్చేసి చక్రం తీసేవాళ్లూ ఉన్నారు, పెట్రోలు, ఆయిలు, బ్యాటరీ యాసిడ్ కారతాయి, ఆ పని వద్దు.

చక్రం చేతికొచ్చాక వాల్వ్ పిన్ తీసేసి గాలి పూర్తిగా వదిలేయండి. ఏటీవీ బీడ్ మొండిది. తక్కువ గాలితో నడిచినా ఊడిపోకుండా రిమ్ మీద చిన్న గట్టు ఉంటుంది, బీడ్ దాన్ని దాటి కూర్చుంటుంది. విప్పేటప్పుడు మళ్ళీ ఆ గట్టు దాటించాలి. పాదాలతో తొక్కితే చాలాసార్లు కదలదు. బీడ్ చుట్టూ సబ్బునీళ్లు ధారాళంగా పోసి కాసేపు నాననివ్వండి. చేతితో వాడే బీడ్ బ్రేకర్ ఉంటే మంచిదే. లేకపోతే జాకీతో చేయొచ్చు: చక్రాన్ని బరువైన బండి కింద పడుకోబెట్టి, జాకీ అడుగు భాగం టైరు గోడ మీద రిమ్‌ను ఆనుకుని ఉండేలా పెట్టి, పై భాగం ఆ బండి చట్రానికి ఆనించి లేపుతూ పోతే బీడ్ కిందికి దిగుతుంది. జాకీ జారితే ప్రమాదం, కాబట్టి మొహం దగ్గరగా పెట్టొద్దు, ఒకేసారి లేపొద్దు. ఒక చోట దిగాక చక్రాన్ని కొద్దిగా తిప్పి పక్క చోట నొక్కండి. సుత్తితో గోడను బాదడం, స్క్రూడ్రైవర్ దూర్చి లేపడం మాత్రం చేయకండి. బీడ్‌లో తీగ ఉంటుంది, అది దెబ్బతింటే ఏ ప్యాచ్ వేసినా ఆ టైరు గాలి పట్టదు.

రెండు వైపులా బీడ్ విడిపోయాక టైరు లివర్లతో ఒక్కో అరచేయి వెడల్పు చొప్పున పైకి తీస్తూ రండి. లివర్ ఆడిస్తున్న చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బీడ్‌ను మోకాలితో రిమ్ మధ్యలో ఉన్న లోతు గాడిలోకి నొక్కి పెట్టాలి. బలం చాలక రావడం లేదనుకునే వాళ్లలో చాలామంది ఈ ఒక్క సంగతి మరిచిపోయి ఉంటారు. అల్లాయ్ రిమ్ అయితే లివర్ కింద మందపాటి గుడ్డ పెట్టుకోండి. పూర్తిగా విప్పక్కర్లేదు, ఒక బీడ్ బయటికొస్తే లోపల చేయి పెట్టడానికి చాలు.

లోపల చేయి పెట్టే ముందు గుడ్డతో తడిమి చూడండి, నేరుగా వేళ్లతో కాదు. ముళ్ల కొసలు లోపలే ఉంటాయి. ప్యాచ్ వేసే చోటును ముందు క్లీనర్‌తో తుడిచి, గరుకు కాగితంతో గానీ గీకే బ్రష్‌తో గానీ నల్లటి మెరుపు పోయి వెల్వెట్‌లా అయ్యేదాకా గీకండి. ప్యాచ్ కంటే చుట్టూ అర అంగుళం ఎక్కువే గీకాలి. రబ్బరు లోపల ఉండే నేత దారాలు కనిపించేదాకా పోవద్దు. రబ్బరు పొడి పూర్తిగా తుడిచి, సొల్యూషన్ పల్చగా ఒక్క పూత వేయండి. తర్వాత ఆగాలి. ప్యాచ్‌లు ఊడిపోయేది ఎక్కువగా ఇక్కడి తొందర వల్లే. తడి మెరుపు పోయి, వేలి వెనక భాగంతో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. చలిగా, తేమగా ఉంటే ఇంకా ఎక్కువ. అప్పుడు ప్యాచ్ పెట్టి, చిన్న రోలర్‌తో మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దుతూ గాలి బుడగ మిగలకుండా చేయండి. మేకు చిల్లుకు కాడ ఉన్న ప్యాచ్, పుట్టగొడుగు ఆకారంలో ఉండేది, అన్నిటికన్నా మంచిది. కాడ చిల్లును నింపుతుంది, గొడుగు లోపల అతుక్కుంటుంది, నీళ్లు చిల్లులోంచి లోపలికెళ్లి దారాలను పాడుచేయవు.

టైరు విప్పిన రోజే రిమ్ పని కూడా పూర్తి చేయండి. బీడ్ కూర్చునే వరసంతా వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు గీకి, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. టైరు బీడ్ మీద అతుక్కున్న పాత మట్టి కూడా పోవాలి. పాత రబ్బరు వాల్వ్ ఉంటే ఇప్పుడే కొత్తది వేసేయండి. చాలా చవకైన వస్తువు, దానికోసం మళ్ళీ బీడ్ విడగొట్టే బాధ ఉండదు.

తిరిగి ఎక్కించేటప్పుడు గోడ మీద బాణం గుర్తుందేమో చూసుకోండి, ముందుకు తిరిగే దిక్కుకు అది ఉండాలి. రెండు బీడ్‌లకూ సబ్బునీళ్లు రాసి చేత్తోనే చాలావరకు ఎక్కించవచ్చు. ఇక బీడ్ కూర్చోబెట్టడం. వాల్వ్ పిన్ తీసే ఉంచి కంప్రెసర్ గొట్టం తగిలిస్తే గాలి వేగంగా లోపలికి వెళ్తుంది. గాలి పక్కల నుంచి పోతూ టైరు ఉబ్బకపోతే, బరువులు కట్టే రాచెట్ బెల్టును టైరు చుట్టూ ట్రెడ్ మధ్యలో బిగించండి. ట్రెడ్ లోపలికి నొక్కుకుని రెండు గోడలూ బయటికి, రిమ్ వైపుకు వస్తాయి. గాలి పట్టడం మొదలవగానే బెల్టు వదులు చేయండి, పూర్తిగా ఉబ్బేదాకా బిగించి ఉంచితే తెగి మొహానికి తగలొచ్చు.

టప్ మని ఒకటి, మళ్ళీ టప్ మని ఇంకొకటి, రెండు శబ్దాలు వస్తాయి. ఆ సమయంలో వేళ్లు బీడ్ దగ్గర ఉండకూడదు, మీరు టైరు మీదకు వంగి ఉండకూడదు. పొడుగు గొట్టం, క్లిప్ పెట్టి దూరంగా నిలబడి కొట్టండి. గోడ మీద రాసిన పరిమితి దాటొద్దు, ఏటీవీ టైర్ల మీద అది 20 పీఎస్‌ఐ దగ్గర ఉండడం మామూలు, మీ టైరు మీద ఏం రాసుంటే అదే లెక్క. అప్పటికీ కూర్చోకపోతే గాలి పూర్తిగా వదిలి, ఇంకా సబ్బునీళ్లు రాసి, తిప్పి పెట్టి మళ్ళీ ప్రయత్నించాలి తప్ప ఇంకో ఐదు పాయింట్లు పెంచి చూద్దాం అనుకోవద్దు. మండే స్ప్రే కొట్టి నిప్పు పెట్టి టైరు కూర్చోబెట్టే వీడియోలు చూసే ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఒత్తిడి ఎంతకు వెళ్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు, టైరు పగిలితే మనిషి బతకడం కష్టం. కూర్చున్నాక రిమ్ అంచు పక్కనే టైరు మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది, అది రిమ్‌కు చుట్టూరా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయినట్టుంటే బీడ్ అక్కడ కూర్చోలేదు. అన్నీ సరిపోయాక గాలి వదిలి, పిన్ బిగించి, నడిపే గాలి కొట్టుకోండి.

సీలెంట్ గురించి అడిగారు. పంక్చర్ పడకముందే పోసుకుంటే సన్న ముళ్లకు బాగా పనిచేస్తుంది, ముళ్ల ప్రాంతంలో తిరిగేవాళ్లకు నేనే చెప్తాను. మీ చిల్లును రెండుసార్లు గీకారు కాబట్టి సీలెంట్ ఒక్కటే దాన్ని మూయగలదని నమ్మకం లేదు. బీడ్ మురికి వల్ల వచ్చే లీకును కొన్నాళ్లు ఆపినట్టే ఆపుతుంది, తర్వాత లీకు మళ్ళీ మొదలవుతుంది. ఒకసారి పోశాక లోపలంతా జిగురు పట్టి ఉంటుంది, ప్యాచ్ వేయాలంటే కడిగి, ఆరబెట్టి, గీకాలి. వాల్వ్ పిన్ కూడా పట్టేస్తుంది. ప్యాచ్ వేయించే ఉద్దేశం ఉంటే ప్యాచ్ అయ్యాకే పోయండి. ట్యూబ్ వేరే సంగతి. రిమ్ వంగి బీడ్ ఎంతకీ నిలవకపోతే, దారాలు తెగకుండా గోడ చిట్లితే, ట్యూబ్ మంచి దారి. టైరు మీద 25×10-12 అని ఉంటే ఎత్తు 25 అంగుళాలు, వెడల్పు 10, రిమ్ 12 అన్నమాట, ట్యూబ్ దానికి సరిపడేదే తీసుకోండి. కానీ టైరులో ఒక్క ముల్లు మిగిలినా ట్యూబ్ ఆ రోజే పోతుంది. మీ టైరుకు మాత్రం ట్యూబ్ అవసరం కనిపించడం లేదు.

టైరు మార్చాల్సింది ఎప్పుడంటే: గోడలో దారాలు తెగేంత కోత పడ్డప్పుడు, బీడ్ తీగ బయటపడ్డప్పుడు, గాలి లేకుండా చాలాదూరం నడిపి లోపల గోడ నుంచి రబ్బరు పొడి రాలుతున్నప్పుడు. విప్పాక లోపల నల్లటి పొడి గుప్పెడు కనిపిస్తే ప్యాచ్ వేసే ముందు ఆగి ఆలోచించండి. గోడకు స్ట్రిప్‌లు పెట్టి ఇంటికి రావచ్చు, నెమ్మదిగా, బరువు లేకుండా. దాన్నే శాశ్వతం చేసుకోకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) బండికి ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క బాగా అరిగిన టైరు ఉంటే గేర్ల మీద భారం పడుతుంది, కాబట్టి ఒకే ఇరుసు మీది రెండూ కలిపి మార్చడం మంచిది.

బండి వెంట ఏం పెట్టుకోవాలంటే స్ట్రిప్ కిట్, పిన్ టూల్, రెండు పిన్‌లు, తక్కువ గాలి గేజ్, ప్లయర్, రాచెట్ బెల్టు, మీ నట్లకు సరిపడే స్పానర్, ఇంకా గాలి కొట్టే సాధనం ఏదో ఒకటి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ అయితే నేరుగా బ్యాటరీకి క్లిప్‌లు తగిలించేది తీసుకోండి. కొన్ని కంప్రెసర్లు లాగే కరెంటుకు బండిలోని సాకెట్ ఫ్యూజ్ పోతుంది. సైకిల్ పంపును తక్కువ చేసి చూడొద్దు. ఒత్తిడి తక్కువే కావాలి కాబట్టి కాస్త చేతులు నొప్పి పుట్టినా పని అవుతుంది, ఎప్పుడూ చెడిపోదు. కార్బన్ డయాక్సైడ్ చిన్న సీసాలు తేలికే కానీ, 16 గ్రాములవి అయితే బీడ్ కూర్చుని ఉన్న పెద్ద టైరుకు కూడా కనీసం రెండు మూడు కావాలి. వాడేటప్పుడు సీసా గడ్డకట్టేంత చల్లగా అవుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. ఏదీ దొరకని చోట టైరు లోపల గడ్డి కుక్కి నడక వేగంతో ఇంటికొచ్చిన వాళ్లున్నారు, రిమ్ వంగకుండా కాపాడుతుంది.

చక్రం బిగించేటప్పుడు నట్ల ఏటవాలు వైపు రిమ్‌కు ఆనాలి. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, బండి కిందికి దించాక మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (నట్టు బిగింపు బలానికి) ముగించండి. కొన్ని కిలోమీటర్లు నడిపాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడాలి. మర్నాడు పొద్దున, బండి కదపకముందే, గేజ్ పెట్టండి. ఒక రాత్రికి పాయింటు లోపు తేడా చలి వల్ల రావచ్చు, ఎడమ కుడి టైర్లు రెండూ ఒకేలా తగ్గితే అంతే సంగతి. రిపేరు చేసింది ఒక్కటే తగ్గితే సబ్బునీళ్లు తీసుకుని మళ్ళీ వాల్వ్ దగ్గర నుంచి మొదలుపెట్టండి, నురగ ఎక్కడ వస్తోందో రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.